కొత్త ఫ్లాట్‌కు ఏ ఫ్లోరింగ్? నల్లగొండ, పాలమూరు ఇళ్లకు పోలిక, పని చేయించుకునే తీరు

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ కొత్తగా ఫ్లాట్ తీసుకున్నవాళ్ల ఇంట్లో తాళాలు చేతికి రాగానే మొదలయ్యే పంచాయితీ ఫ్లోరింగ్‌ది. బిల్డర్ వేసిన టైల్స్ అలాగే ఉంచాలా, పగలగొట్టి గ్రానైట్ వేయించాలా అని ఇంటాయన ఆలోచన. పెద్దవాళ్లు బండలే చల్లగా ఉంటాయంటారు. పిల్లలు చెక్క ఫ్లోరింగ్ కావాలంటారు. షాపులో జీవీటీ (బొమ్మ ప్రింట్ చేసిన గ్లేజ్డ్ విట్రిఫైడ్ టైల్) చూపిస్తారు, మేస్త్రీ తన చేతికి అలవాటైందే మంచిదంటాడు. అందరి మాటలోనూ కొంత నిజం ఉంది కాబట్టే టెన్షన్.

నా మాట ముందే చెప్తాను. మన దగ్గర ఫ్లోరింగ్‌ను తేల్చేది రోజూ తుడిచే నీళ్లు, కింద పోసే మాలు (సిమెంట్, ఇసుక కలిపిన ముద్ద). ఈ రెండూ సరిగ్గా చూసుకుంటే మామూలు టైల్ కూడా ఏళ్ల తరబడి నిలబడుతుంది. వీటిని వదిలేసి డిజైన్ చూసుకుంటే ఎంత ఖరీదైన రాయి వేసినా రెండు ఎండాకాలాల్లో బాధే మిగులుతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

నీళ్లు. ఈ ప్రాంతం నేల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైట్ జాతి రాయి. నల్లగొండ భూగర్భ జలాల్లోకి ఫ్లోరైడ్ వచ్చింది ఆ రాళ్ల నుంచే. తాగడానికి మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా, అపార్ట్‌మెంట్లలో ఇల్లు తుడిచేది, బాత్రూం కడిగేది చాలా చోట్ల ఇప్పటికీ బోరు నీళ్లతోనే. నేల మీద తెల్లటి చారలు కనిపిస్తే చాలామంది ఫ్లోరైడ్ అనుకుంటారు. అవి ప్రధానంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీళ్లు ఆరిపోతాయి, లవణం పేరుకుంటుంది. ఆ తెల్లదనం పోగొట్టడానికి ఎవరో ఒకరు యాసిడ్ సీసా తెస్తారు. అసలు నష్టం అక్కడే. తాండూరు బండైనా, మార్బుల్ అయినా సున్నపు జాతి రాళ్లే. యాసిడ్ పడగానే నురగ వస్తుంది, మెరుపు పోతుంది. మరక పోయిందనుకుంటాం గానీ దాంతోపాటు రాయి పై పొర కూడా పోయినట్టే. విట్రిఫైడ్ టైల్‌కు అంత నష్టం ఉండదు, కానీ జాయింట్లలో నింపిన సిమెంట్ గ్రౌట్‌ను యాసిడ్ తినేస్తుంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. మీ ఫ్లాట్ కుళాయి నీళ్లు ఒక గ్లాసెడు స్టీలు పళ్లెంలో పోసి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. అడుగున పలుచటి పొర మాత్రమే ఉంటే ఏదైనా వేసుకోవచ్చు. గోరుతో గీకితే పొడి వచ్చేంతగా ఉంటే నల్ల గ్రానైట్, మార్బుల్ రెండింటినీ జాబితాలోంచి తీసేయండి.

ఇంట్లో ఎవరున్నారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ, పరుగెత్తే పిల్లలు ఉన్న ఇంట్లో అద్దంలా మెరిసే నేల అందం కాదు, ప్రమాదం. ఏ టైల్ చూసినా దాని మీద నీళ్లు పోసి, వట్టి కాలితో అడుగు వేసి చూడండి. పొడి టైల్ మీద చెప్పులతో నిలబడి నిర్ణయం తీసుకోవద్దు.

ఎత్తు, బరువు. సొంత స్థలంలో కట్టుకునే ఇంటికీ ఫ్లాట్‌కూ తేడా ఇక్కడే. ఇళ్ల శ్లాబ్ డిజైన్‌లో మనుషులు, సామాన్ల కోసం సాధారణంగా లెక్కేసే బరువు చదరపు మీటరుకు 200 కిలోలు. రెండు అంగుళాల మాలు పోసి దాని మీద గ్రానైట్ పరిస్తే అదొక్కటే చదరపు మీటరుకు 150 కిలోల దాకా వస్తుంది. కాబట్టి పాత టైల్స్ తీయకుండా వాటి మీదే మాలు పోసి బండలు పరుస్తామనే మేస్త్రీకి ఒప్పుకోవద్దు. టైల్ మీద టైల్‌ను గమ్‌తో, అంటే టైల్ అడెసివ్‌తో అతికిస్తే అదనపు బరువు 25, 30 కిలోల దగ్గర ఆగుతుంది.

ముహూర్తం. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నవాళ్లు ఆషాఢం మొదట్లో పని మొదలుపెట్టినా ఇరుకే. పాలిష్ అవసరమయ్యే రాళ్లకు రోజులు ఎక్కువ పడతాయి. టైల్స్ త్వరగా అవుతాయి. ఎస్పీసీ (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలైతే ఇంకా త్వరగా.

మొత్తం ఖర్చు. షాపులో చెప్పే అడుగు ధర సగం లెక్కే. దానికి రవాణా, లిఫ్ట్ లేకపోతే పైకి మోత, మాలు లేదా అడెసివ్, పరిచే కూలి, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ), వేస్టేజీ, రాళ్లకైతే పాలిష్ కలపాలి. తాండూరు బండ కొనేటప్పుడు చవక. పాలిష్, మాలు కలిపాక మామూలు విట్రిఫైడ్‌తో ఉండే తేడా బాగా తగ్గిపోతుంది.

## ఒక చూపులో పోలిక

| రకం | బోరు నీళ్ల తెల్లదనం | యాసిడ్, నిమ్మ, చింతపండు | తడిలో జారడం | పాలిష్ | పాత టైల్స్ మీద |
|---|---|---|---|---|---|
| డబుల్ చార్జ్ విట్రిఫైడ్ | కనిపిస్తుంది, తుడిస్తే పోతుంది | తట్టుకుంటుంది | నున్నటిదైతే జారుతుంది | అక్కర్లేదు | వేయొచ్చు |
| మ్యాట్ (మెరుపు లేని) జీవీటీ | తక్కువ కనిపిస్తుంది | తట్టుకుంటుంది | తక్కువ | అక్కర్లేదు | వేయొచ్చు |
| గ్రానైట్ | నలుపులో బాగా కనిపిస్తుంది | చాలావరకు తట్టుకుంటుంది | పాలిష్‌ది జారుతుంది | ముందే చేసి వస్తుంది | వద్దు |
| తాండూరు బండ | కనిపిస్తుంది | దెబ్బతింటుంది | గరుకుదైతే జారదు | పరిచాక చేయాలి | వద్దు |
| మార్బుల్ | కనిపిస్తుంది | బాగా దెబ్బతింటుంది | జారుతుంది | పరిచాక చేయాలి, మళ్లీ మళ్లీ | వద్దు |
| ఎస్పీసీ పలకలు | తక్కువ | ఇంటి వాడకానికి పర్వాలేదు | తక్కువ | అక్కర్లేదు | సమంగా ఉంటే చక్కగా |

## విట్రిఫైడ్ టైల్స్

మన షాపుల్లో ఉన్న సరుకులో చాలా భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తుంది. విట్రిఫైడ్ అంటే నీళ్లు పీల్చడం అర శాతం లోపే. మన నీళ్లకు ఇది పెద్ద రక్ష, మరక లోపలికి దిగదు. ఇందులో రెండు రకాల మధ్యే అసలు ఎంపిక.

డబుల్ చార్జ్‌లో పైన మూడు, నాలుగు మిల్లీమీటర్ల మందాన రంగు పొర ఉంటుంది. అరిగినా రంగు మారదు. మంచాలు, బీరువాలు జరిపే ఇంటికి, అద్దెకిచ్చే ఇంటికి ఇదే నా మొదటి ఓటు. డిజైన్లు మాత్రం తక్కువ. జీవీటీలో బొమ్మ ప్రింట్ చేసి పైన పలుచటి గ్లేజ్ వేస్తారు. మార్బుల్ లాగా, చెక్క లాగా, సిమెంట్ లాగా ఎలా కావాలంటే అలా దొరుకుతుంది. కానీ ఏదైనా బరువైనది పడి పెచ్చు లేచిందంటే లోపలి వేరే రంగు బయటపడుతుంది. బెడ్రూంలకు మ్యాట్ జీవీటీ బాగుంటుంది. హాలుకు, వంటింటికి డబుల్ చార్జ్ వైపే నేను మొగ్గుతాను.

సైజు సంగతి. ఇప్పుడందరూ రెండు బై నాలుగు అడుగులవి అడుగుతున్నారు. జాయింట్లు తగ్గుతాయి, గది పెద్దగా కనిపిస్తుంది, నిజమే. కానీ పొడవైన టైల్‌లో కొద్దిగా వంపు ఉంటుంది. రెండు టైల్స్‌ను ముఖాలు కలిపి నిలబెట్టి చూస్తే మధ్యలో సందు తెలుస్తుంది. కింద నేల సమంగా లేకపోయినా, మేస్త్రీ చేయి తిరిగినవాడు కాకపోయినా అంచులు కాలికి తగులుతాయి. పది బై పది బెడ్రూంకు రెండు బై రెండు హాయిగా సరిపోతుంది, వేస్టేజీ కూడా తక్కువ.

కొనేటప్పుడు అన్ని డబ్బాల మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటే ఉన్నాయో లేదో మీరే నిలబడి చూడండి. సగం తెచ్చి, మిగతాది తర్వాత తెద్దామనుకుంటే రంగు కలవదు.

## గ్రానైట్

కరీంనగర్ టాన్ బ్రౌన్, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ దేశాలు దాటి పోతున్న రాళ్లు. మనకు దగ్గర్లోనే దొరకడం అదృష్టం. గట్టిదనంలో దీనికి సాటి లేదు. వంటగట్టుకు, మెట్లకు, కిటికీ అడుగులకు, గడపలకు నేను మరో మాట చెప్పను, గ్రానైటే వేయించండి.

హాలంతా పరవాలంటే మాత్రం ఆలోచించాలి. పాత టైల్స్ తీయాలి, బరువు చూసుకోవాలి. నల్ల రాయి మీద మన బోరు నీళ్ల చారలు రోజూ కనిపిస్తాయి, పనిమనిషిని ఎంత తిట్టినా లాభం లేదు, తప్పు ఆమెది కాదు. ఇష్టపడితే గోధుమ, బూడిద చుక్కలున్న రంగు తీసుకోండి, మరక అందులో కలిసిపోతుంది. యార్డుకు మీరే వెళ్లి, పలకలు తడిపి చూసి, నచ్చిన వాటి వెనక మీ పేరు రాయించి రండి. ఫొటో చూసి అడ్వాన్స్ పంపొద్దు.

## తాండూరు బండలు

ఇది మన సొంత రాయి. వికారాబాద్ జిల్లా తాండూరు నుంచి కొడంగల్ మీదుగా పాలమూరుకు లారీల్లో వస్తుంది. నీలం, పసుపు రెండు ఛాయలు. మా తరం వాళ్ల ఇళ్లలో బడి నుంచి వచ్చి వట్టి బండ మీద పడుకుంటే వచ్చిన నిద్ర ఏ ఏసీలోనూ రాలేదు. ఆ ప్రేమతోనే చాలామంది ఫ్లాట్‌లో కూడా ఇదే వేయాలనుకుంటారు. ఆ కోరికను నేను గౌరవిస్తాను, కానీ కొన్ని విషయాలు తెలిసి వేయాలి.

ఒకటి, పలకల మందం సమంగా ఉండదు. దాన్ని సరిచేయడానికి మాలు మందంగా పోయాలి, అంటే బరువు. రెండు, పరిచాక మెషీన్ పాలిష్ కొట్టాలి. ఆ బురద నీళ్లు అపార్ట్‌మెంట్ పైపుల్లోకి పోతే గడ్డకట్టి కింది ఇళ్లవాళ్లకు ఇబ్బంది. బకెట్లతో ఎత్తి బయట పోయించాలి, ఈ మాట ముందే మేస్త్రీతో ఒప్పుకోవాలి. మూడు, పసుపు, నూనె, చింతపండు పులుసు పడితే వెంటనే తుడవాలి. గడపకు పసుపు రాసే ఇంట్లో ఆ పక్క బండ పసుపెక్కకుండా ఉండదు. పాలిష్ అయ్యాక సీలర్ (మరక దిగకుండా వేసే పూత) కొట్టిస్తే ఈ బాధ చాలా తగ్గుతుంది.

రాయి చల్లదనం గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. నేల అంతస్తులో భూమి చల్లదనం బండకు అందుతుంది. పై అంతస్తు ఫ్లాట్‌లో కింద ఉన్నది కింది ఇంటివాళ్ల శ్లాబ్. కాలికి చల్లగా తగిలినా, 44 డిగ్రీల ఎండలో ఇల్లంతా చల్లబడదు. మీది డాబా కిందే ఉన్న ఫ్లాటైతే దానికి డాబా మీద తెల్ల కూల్ రూఫ్ పెయింట్ ఎక్కువ పని చేస్తుంది.

కాబట్టి నా సలహా: నేల అంతస్తు ఫ్లాటైతే ధైర్యంగా వేయండి. పైన ఉంటే బాల్కనీకి పాలిష్ లేని గరుకు బండ, మిగతా ఇంటికి టైల్స్. మెషీన్‌తో అంచులు కోసిన పలకలే అడగండి.

## మార్బుల్

ఎండిన నిమ్మచుక్క కూడా మచ్చ వేసే రాయి ఇది. మనం పులుసు లేకుండా తినం, మన నీళ్లలో లవణాలు ఎక్కువ. పూజ గదికి చిన్న ముక్క వేసుకోండి, చాలు.

## చెక్కలాంటివి: లామినేట్, ఎస్పీసీ

లామినేట్ లోపల ఉండేది చెక్కపొట్టుతో చేసిన అట్ట. మనం బకెట్ నీళ్లతో తుడిచేవాళ్లం, అంచులు ఉబ్బుతాయి. కాబట్టి వద్దు. ఎస్పీసీలో లోపల రాతిపొడి, ప్లాస్టిక్ కలిసిన పొర ఉంటుంది, నీళ్లకు ఉబ్బదు. నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల మందమే కాబట్టి బిల్డర్ టైల్స్ మీద నేరుగా, ఏదీ పగలగొట్టకుండా వేసుకోవచ్చు. తలుపులు పెద్దగా కోయాల్సిన పని ఉండదు. దుమ్ము లేదు, చప్పుడు లేదు. ఒక బెడ్రూం మార్చాలనుకునేవాళ్లకు ఇంత సులువైనది ఇంకోటి లేదు. పడమటి వైపు పెద్ద కిటికీ ఉండి మధ్యాహ్నం ఎండ నేరుగా నేల మీద పడే గదిలో మాత్రం వద్దు. వేడికి వ్యాకోచించి పలకలు లేస్తాయి. గోడ దగ్గర సందు వదలని పనివాడైతే ఇంకా తొందరగా లేస్తాయి.

## బాత్రూం, బాల్కనీ వేరే లెక్క

బాత్రూంలో జారిపడే ప్రమాదం ఎక్కువ కాబట్టి అక్కడ రంగు కంటే గరుకుతనం ముఖ్యం. యాంటీ స్కిడ్ టైల్స్‌కు ఆర్-9 నుంచి ఆర్-13 దాకా రేటింగ్ ఉంటుంది. బాత్రూంకు ఆర్-10 లేదా ఆర్-11 అడగండి. జాయింట్లకు ఎపాక్సీ గ్రౌట్ వేయించండి. ధర ఎక్కువే, కానీ యాసిడ్‌కు తినబడదు, నీళ్లు దిగవు.

పాత బాత్రూం టైల్స్ తీశారంటే కింద ఉన్న వాటర్‌ప్రూఫింగ్ కూడా పోయినట్టే. మళ్లీ చేయించి, నహానీ ట్రాప్ (నీళ్లు బయటికి పోయే రంధ్రం) మూసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాట్ సీలింగ్ చూసి రావాలి. ఆ తర్వాతే టైల్. ఇందులో తొందరపడితే కిందివాళ్లతో ఏళ్ల తరబడి తగాదా.

## అసలు బిల్డర్ టైల్స్ తీయాలా?

చాలా సందర్భాల్లో నా జవాబు వద్దనే. ఒక కర్ర తీసుకుని ప్రతి టైల్ మీదా తట్టండి. డొల్ల శబ్దం కొన్నిచోట్లే ఉంటే అవి మార్పించండి. ఎక్కడ చూసినా డొల్లే అయితే ఏదీ ముట్టుకోకుండా ముందు బిల్డర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలోని సెక్షన్ 14 ప్రకారం స్వాధీనం చేసిన రోజు నుంచి ఐదేళ్లలోపు పనితనంలో, నాణ్యతలో లోపాలు చూపిస్తే 30 రోజుల్లో ఖర్చు లేకుండా బిల్డర్ బాగుచేయాలి. మీరే పగలగొట్టాక ఆ హక్కు అడగడం కష్టం. అయితే 500 చదరపు మీటర్లు మించని స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లు మించకుండా గానీ కట్టినవాటికి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన పట్టణాల్లో చిన్న అపార్ట్‌మెంట్లు ఈ కోవలోకి వస్తుంటాయి కాబట్టి మీదేదో ముందే చూసుకోండి.

టైల్ మీద టైల్ వేస్తే నేల 12 నుంచి 15 మిల్లీమీటర్లు లేస్తుంది. తలుపుల అడుగు కోయాలి. ప్రధాన ద్వారం గడప తక్కువగా కనిపిస్తుంది. బాల్కనీ, బాత్రూం నేల ఇంటి నేల కంటే కిందే ఉండేలా చూసుకోవాలి, లేదంటే వాన నీళ్లు హాల్లోకి వస్తాయి.

## ఎవరికి ఏది

పెద్దవాళ్లున్న ఇంటికి మొత్తం మ్యాట్ జీవీటీ. మెరుపు కావాలనిపిస్తే గోడలకు పెట్టుకోండి. అద్దెకిచ్చేవాళ్లు బిల్డర్ టైల్స్ ఉంచేసి ఆ డబ్బు బాత్రూం మీద పెట్టడం మేలు. అద్దెకు వచ్చేవాళ్లు అడిగేది అదే. ఎప్పటికీ ఇక్కడే ఉంటాం, నేల అంతస్తు, నీళ్లు పర్వాలేదు అనుకునేవాళ్లు తాండూరు బండ గానీ లేత రంగు గ్రానైట్ గానీ వేసుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ పండక్కి వచ్చిపోయేవాళ్లకు ఏ జాగ్రత్తా అడగని డబుల్ చార్జే దారి.

## పని చేయించేటప్పుడు

లెక్క మీరే వేసుకోండి. 12 బై 14 అడుగుల గది అంటే 168 చదరపు అడుగులు. చుట్టుకొలత 52 అడుగులు, తలుపు 3 తీసేస్తే 49. నాలుగు అంగుళాల స్కర్టింగ్‌కు సుమారు 16 చదరపు అడుగులు. మొత్తం 184. వేస్టేజీ ఎనిమిది శాతం కలిపితే దాదాపు 199. రెండు బై రెండు టైల్స్ నాలుగున్న డబ్బా 15.5 చదరపు అడుగులు వస్తుంది, అంటే 13 డబ్బాలు. ఇల్లు మొత్తానికి ఇంకో డబ్బా అదనంగా తీసుకోండి. రేపు పైపు కోసం రెండు టైల్స్ పగలగొడితే అదే రకం మళ్లీ దొరకదు.

గుత్తకు ఇచ్చేటప్పుడు అడుగు రేటులో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. స్కర్టింగ్ అందులోనే ఉందా, పాత టైల్స్ తీసి మట్టి ఎత్తిపోయడం ఎవరిది, రోబో సాండ్ (రాతి ఇసుక) ఎవరు తెస్తారు, పాలిష్ ఎన్నిసార్లు కొట్టాలి. గొడవలన్నీ రాయని చోటే వస్తాయి. అసోసియేషన్ ఉంటే ఏ వేళల్లో పగలగొట్టవచ్చో, లిఫ్ట్‌లో సామాను ఎక్కించవచ్చో ముందే అడగండి.

విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చదు కాబట్టి సిమెంట్ పాలు పోసి అతికిస్తే సరిగ్గా పట్టుకోదు. పాత పద్ధతిలో చేసిన ఇళ్లలో డొల్ల శబ్దానికి ఇదో పెద్ద కారణం. అడెసివ్ సంచి మీద ఐఎస్ 15477 అనే భారత ప్రమాణం నంబరు, టైప్ నంబరు రాసి ఉంటుంది. విట్రిఫైడ్‌కు టైప్ 2కు తగ్గొద్దు, టైల్ మీద టైల్‌కు టైప్ 3 తీసుకోండి. పళ్లున్న కరణీతో అడెసివ్‌ను టైల్ అడుగు మొత్తం పరిచేలా చూడండి. ఐదు చోట్ల ముద్దలు పెట్టి అతికించే మేస్త్రీని ఆ రోజే ఆపండి. టైల్‌కూ టైల్‌కూ మధ్య రెండు, మూడు మిల్లీమీటర్ల స్పేసర్ తప్పనిసరి. మా టైల్స్ జాయింట్ లేకుండా కలిసిపోతాయని గొప్పగా చెప్పినా ఒప్పుకోవద్దు. మే నెల వేడికి వ్యాకోచించే చోటు లేక టైల్స్ లేచి పగులుతాయి.

పని వరుస కూడా ముఖ్యమే. గోడలు తొలిచే వైరింగ్, ప్లంబింగ్ ముందు. తర్వాత బాత్రూం వాటర్‌ప్రూఫింగ్, సీలింగ్, పుట్టీ. ఆ తర్వాత ఫ్లోరింగ్. అది ఆరాక ప్లాస్టిక్ షీట్ పరిచి, దాని మీద పలుచగా పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పోసి కప్పాలి, ఎందుకంటే వడ్రంగి మేకు ఒక్కటి చాలు గీత పడటానికి. వడ్రంగి పని, చివరగా పెయింట్ ఆఖరి కోటు.

డబ్బు పనిని బట్టి ఇవ్వండి. గది పూర్తయితే ఆ గది లెక్క. పది శాతం మాత్రం చివరికి ఉంచి, గ్రౌట్ ఆరి ఒక వారం గడిచాక మేస్త్రీ ముందే కర్రతో ఇల్లంతా తట్టి, బాత్రూంలో బకెట్ నీళ్లు పోసి వాలు ట్రాప్ వైపే ఉందో చూసి, డొల్లగా మోగినవి మార్చాకే ఆ మొత్తం చేతిలో పెట్టండి. మిగిలిన డబ్బాల మీద బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటో తీసి, బిల్లుతో పాటు దాచుకోండి.